ఓట్లీ రన్: పబ్బుకు లైసెన్సు ఉంది, దారికి లేదు

హెడింగ్లీ పేరు వినగానే మనవాళ్లకు ముందుగా గుర్తొచ్చేది క్రికెట్ మైదానం. 1899 నుంచి అక్కడ టెస్టు మ్యాచ్‌లు జరుగుతున్నాయి. కానీ ఇంగ్లండ్‌లోని లీడ్స్ నగరవాసులకు ఆ పేరు వింటే మరో దృశ్యం కూడా కళ్లముందు కదులుతుంది. శనివారం మధ్యాహ్నం పన్నెండు కొట్టేసరికి, మైదానానికి కాస్త ఉత్తరంగా ఉన్న ఫార్ హెడింగ్లీలో రోడ్డు పక్కన గుంపులు పోగవుతాయి. ఒక గుంపు మొత్తం నావికుల బట్టల్లో ఉంటుంది, పక్క గుంపు వీపులకు తేనెటీగ రెక్కలు కట్టుకుని ఉంటుంది. అక్కడి నుంచి నగరం నడిబొడ్డు దాకా ఒకే రోడ్డు వెంట, దారిలో తగిలే ప్రతి పబ్బులోనూ ఒక గ్లాసు తాగుతూ నడుస్తారు. దీన్నే ఓట్లీ రన్ అంటారు.

ఒకే పూటలో పబ్బు తర్వాత పబ్బు మారుతూ తాగడాన్ని పబ్ క్రాల్ అంటారు. బ్రిటన్‌లో ప్రతి పట్టణంలోనూ ఇలాంటివి ఏవో కొన్ని జరుగుతూనే ఉంటాయి. ఎక్కువగా ఊరి మధ్యలో, పదడుగులకో బార్ ఉన్న వీధుల్లో సాగుతాయి. ఓట్లీ రన్ వాటికి భిన్నం. ఫార్ హెడింగ్లీ, హెడింగ్లీ, హైడ్ పార్క్, వుడ్‌హౌస్ అనే పేటలను ఒకదాని వెంట ఒకటి దాటుకుంటూ సుమారు నాలుగు కిలోమీటర్లు నడిచి నగర కేంద్రానికి చేరుతుంది. ఈ పేటల్లో జనం కాపురాలు ఉంటారు. పిల్లలు నిద్రపోతారు, పెద్దవాళ్లు బస్సు కోసం నిలబడతారు. తాగడానికి వచ్చినవారి దారి, అక్కడ బతికేవారి వీధి ఒకటే కావడమే ఈ కథలోని అసలు చిక్కు. గొడవ వచ్చినప్పుడల్లా అందరూ పబ్బుల వైపు చూస్తారు. చూడవలసింది పబ్బుకూ పబ్బుకూ మధ్య ఉన్న కాలిబాట వైపు.

పేరు చూసి చాలామంది ఇది ఓట్లీ దాకా వెళ్తుందనుకుంటారు. వెళ్లదు. ఓట్లీ అనే పట్టణం ఫార్ హెడింగ్లీకి వాయవ్యంగా ఇంకా పది కిలోమీటర్ల పైనే ఉంది. లీడ్స్ నుంచి అటు పోయే రోడ్డు కాబట్టి దానికి ఓట్లీ రోడ్ అని పేరు, పటాల్లో ఏ660. ఈ ఊరేగింపు మాత్రం ఓట్లీకి వీపు తిప్పి, నగరం వైపు నడుస్తుంది.

మజిలీలు ఎన్ని అన్నదానికి అధికారిక లెక్కేమీ లేదు. కొన్ని పబ్బులు మూతపడ్డాయి, కొన్నింటి పేర్లు మారాయి, మధ్యలో కొత్త బార్లు చేరాయి. మొత్తానికి పదిహేనుకు అటూ ఇటూగా ఉంటాయి. వుడీస్‌తో మొదలుపెట్టి త్రీ హార్స్‌షూస్, న్యూ ఇన్, హెడింగ్లీ ట్యాప్స్, స్కైర్యాక్, ఒరిజినల్ ఓక్, హైడ్ పార్క్, లైబ్రరీ, ప్యాక్ హార్స్, ఎల్డన్, ఫెంటన్, డ్రై డాక్ ఇలా సాగే వరుస అక్కడి విద్యార్థులకు కంఠతా వచ్చి ఉంటుంది. ఆ పేర్లనే నిదానంగా చదివితే ఊరు ఎలా పెరిగిందో తెలుస్తుంది.

హెడింగ్లీ ఒకప్పుడు లీడ్స్‌కు సంబంధం లేని పల్లె. 1086లో విలియం రాజు చేయించిన భూముల సర్వే డూమ్స్‌డే గ్రంథంలోనే దాని పేరు ఉంది. ఆ పల్లె నడుమ ఓ పెద్ద ఓక్ చెట్టు ఉండేది. చుట్టుపక్కల ఊళ్ల పెద్దలు దాని కింద సమావేశమయ్యేవారని ప్రతీతి. ఆ పరగణాకు స్కైర్యాక్ అన్న పేరు ‘షైర్ ఓక్’ అన్న మాట నుంచే వచ్చింది. 1941లో ఆ చెట్టు కూలిపోయింది. దాని పేరు మాత్రం రోడ్డుకు చెరోవైపు ఎదురెదురుగా నిలబడ్డ రెండు పబ్బుల మీద మిగిలిపోయింది: ఇటు ఒరిజినల్ ఓక్, అటు స్కైర్యాక్. ఊరి రచ్చబండ పోయి, దాని పేరుతో రెండు పబ్బులు మిగిలాయి. శనివారం సాయంత్రం ఆ రెంటి మధ్య రోడ్డు దాటే వందల మందిలో ఆ చెట్టు సంగతి తెలిసినవారు ఎంతమంది ఉంటారో గానీ, వాళ్లు గుమిగూడేది సరిగ్గా పాత ఊరు గుమిగూడిన చోటే.

ప్యాక్ హార్స్ అంటే మూటలు మోసే గుర్రం. ఉన్ని బట్టల వ్యాపారంతో ఎదిగిన ప్రాంతంలో సరుకంతా గుర్రాల వీపుల మీద కదిలిన రోజుల నాటి మాట అది. లైబ్రరీ అన్న పబ్బు నిజంగానే ఒకప్పటి ప్రజా గ్రంథాలయ భవనంలో ఉంది. నగరానికి దగ్గర్లోని డ్రై డాక్ అయితే నేల మీదికి ఎక్కించిన పడవ, దాన్నే బార్‌గా మార్చారు. బాటసారుల సత్రం నుంచి విద్యార్థుల సరదా దాకా రెండు మూడు శతాబ్దాల మార్పు ఈ నాలుగు కిలోమీటర్లలో వరుసగా కనిపిస్తుంది.

ఈ పబ్బులన్నీ ఇలా ఒకే రోడ్డు మీద దారానికి గుచ్చినట్టు ఉండటానికి రవాణాయే ప్రధాన కారణం. లీడ్స్‌లో మొట్టమొదటి గుర్రపు ట్రామ్ 1871లో నడిచింది. అది బయల్దేరింది నగరంలోని బోర్ లేన్‌లో, ఆగింది హెడింగ్లీలోని ఓక్ ఇన్ దగ్గర. అంటే ట్రామ్ చివరి స్టాపే ఒక పబ్బు. ట్రామ్ వచ్చాక నగరంలో పనిచేసేవారు హెడింగ్లీలో కాపురం పెట్టగలిగారు, పల్లె కాస్తా శివారు పేట అయింది. ట్రాములు 1959లో పూర్తిగా ఆగిపోయాయి. అప్పటికే ఇళ్లు, దుకాణాలు, పబ్బులు అన్నీ ఆ రోడ్డునే పట్టుకుని కుదురుకున్నాయి. ఈనాటి నడక ఆ పాత ట్రామ్ దారినే తిరుగుముఖంగా తొక్కుతోంది.

రెండో కారణం చట్టం. 1830లో బ్రిటిష్ పార్లమెంటు బీర్‌హౌస్ చట్టం చేసింది. పన్ను కట్టే గృహస్థు ఎవరైనా రెండు గినీలు (గినీ అప్పటి డబ్బు లెక్క) చెల్లిస్తే చాలు, మేజిస్ట్రేట్ అనుమతి అక్కర్లేకుండా సొంత ఇంట్లోనే బీరు అమ్ముకోవచ్చు. జిన్ అనే ఘాటైన సారా నుంచి జనాన్ని బీరు వైపు మళ్లించాలన్నది అప్పటి ఆలోచనల్లో ఒకటి. మొదటి ఆరు నెలల్లోనే 20 వేలకు పైగా బీరు ఇళ్లు తెరుచుకున్నాయి. 1869లో మళ్లీ మేజిస్ట్రేట్ల పెత్తనం వచ్చింది గానీ ఆ నలభై ఏళ్లలో పారిశ్రామిక నగరాల్లో వీధి వీధికీ తాగే చోటు స్థిరపడిపోయింది. లీడ్స్ కార్మికుల ఇళ్లు మరీ ఇరుకు. వెనక గోడ ఉమ్మడిగా, వీపులు ఆనించి కట్టిన బ్యాక్ టు బ్యాక్ ఇళ్లు అక్కడ వేల సంఖ్యలో లేచాయి. దేశమంతటా వాటిని 1909 చట్టం నిషేధించినా, ముందే పొందిన అనుమతులతో లీడ్స్‌లో 1937 దాకా కడుతూనే వచ్చారు. హైడ్ పార్క్, వుడ్‌హౌస్ సందుల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. పెరడు లేదు, నలుగురు కూర్చునే గది లేదు. అలాంటి ఇంట్లో ఉండేవారికి మూలమీది పబ్బే ముందు గది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఆ పబ్బులు ఎవరి వీధికి వారివి. సాయంత్రం పని దిగి, రెండడుగులు వేసి, తెలిసిన ముఖాల మధ్య కూర్చుని, మళ్లీ రెండడుగుల్లో ఇల్లు చేరేవారి కోసం పుట్టినవి. అక్కడ తాగి గోల చేస్తే రేపు మొహం చూపించాలి కదా అన్న జంకు ఉండేది. ఆ జంకే పబ్బుకు కాపలా. క్రాల్ వచ్చి ఆ కాపలాను తీసేసింది. పదిహేను పబ్బుల్లోనూ మనిషి అపరిచితుడే, అరగంటలో వెళ్లిపోయేవాడే. మూడో మజిలీలో ఎన్ని తాగాడో ఏడో మజిలీలోని బార్ మనిషికి తెలిసే మార్గం లేదు. ఒకే పబ్బులో సాయంత్రమంతా కూర్చున్న మనిషికి నాలుక తడబడటం మొదలైతే గ్లాసు నింపే చేయి దానంతట అదే ఆగుతుంది. పబ్బు మారినప్పుడల్లా ఆ లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది.

ఒంట్లో మాత్రం ఆ లెక్క సున్నాకు రాదు. బ్రిటన్‌లో మద్యాన్ని యూనిట్లలో కొలుస్తారు. ఒక యూనిట్ అంటే 10 మిల్లీలీటర్ల శుద్ధ ఆల్కహాల్. అక్కడి పైంటు 568 మిల్లీలీటర్లు. నాలుగు శాతం బీరు ఒక పైంటులో దాదాపు 2.3 యూనిట్లు ఉంటాయి, సగం పైంటులో 1.1. ఆరోగ్యవంతుడైన మనిషి శరీరం గంటకు సుమారు ఒక యూనిట్‌ను వదిలించుకుంటుంది. ఇది మనిషిని బట్టి మారుతుంది గానీ, కాఫీ తాగినా చన్నీళ్లు పోసుకున్నా ఆ వేగం పెరగదు.

ఇప్పుడు ఓట్లీ రన్‌కు ఈ లెక్క వేసి చూద్దాం. పదిహేను మజిలీలు, ఒక్కోదానిలో అరగంట. కూర్చున్న సమయమే ఏడున్నర గంటలు. నడక గంట. మధ్యాహ్నం పన్నెండుకు మొదలుపెడితే ముగిసేసరికి రాత్రి ఎనిమిదిన్నర. జాగ్రత్తపరుడు ప్రతి చోటా సగం పైంటే తీసుకున్నాడనుకుందాం: మొత్తం 17 యూనిట్లు. అదంతా ఒంట్లోంచి దిగేది మర్నాడు తెల్లవారుజామున ఐదుకు. ప్రతి చోటా పైంటు తాగినవారి లెక్క 34 యూనిట్లు. వారి ఒంట్లో ఆఖరి చుక్క ఆదివారం రాత్రి పదింటికి గానీ దిగదు. బ్రిటన్ ప్రభుత్వ వైద్యాధికారులు 2016 నుంచి చెబుతున్న తక్కువ ప్రమాదపు హద్దు వారానికి 14 యూనిట్లు, అదీ మూడు అంతకంటే ఎక్కువ రోజుల్లో పంచుకుని. అంటే సగం పైంట్లతో సరిపెట్టుకున్నవారు కూడా వారం మొత్తానికి చెప్పిన హద్దును ఒక్క పూటలోనే దాటేస్తారు. ఆదివారం పొద్దున్నే హుషారుగా లేచి కారు తీసేవారికి అసలు ప్రమాదం ఇక్కడే. రక్తంలో 100 మిల్లీలీటర్లకు 80 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే ఇంగ్లండ్‌లో బండి నడపడం నేరం. నిద్రపోయి లేచాం కదా అన్న ధైర్యం ఆ అంకెను తగ్గించదు.

నెమ్మదిగా తాగుతున్నామన్న భ్రమ కూడా క్రాల్‌కు ప్రత్యేకమైనది. మధ్యలో నడక ఉంటుంది, గాలి తగులుతుంది, చోటు మారుతుంది, కొత్త ముఖాలు కనిపిస్తాయి. ఇవన్నీ మత్తును తగ్గించవు, మత్తు తెలియకుండా చేస్తాయి. పైగా గుంపులో తాగుడు వేగాన్ని నిర్ణయించేది అందరికంటే త్వరగా గ్లాసు ఖాళీ చేసినవారే. వాళ్లు లేచి నిలబడితే తక్కినవారు మిగిలింది గుటుక్కున మింగి వెంట నడుస్తారు. కొందరు ముందే తలా ఇంత డబ్బు వేసుకుని ఒక సంచిలో పెట్టుకుంటారు. డబ్బు కట్టాం కాబట్టి మానుకుంటే నష్టం అన్న భావన అక్కడ మొదలవుతుంది.

వేషాలు ఎందుకన్న ప్రశ్న కొత్తవారికి తప్పక వస్తుంది. చిలిపితనం ఒక్కటే కారణం కాదు. కిక్కిరిసిన పబ్బులో ఇరవైమంది గుంపు చెదిరిపోకుండా ఉండటానికి ఒకే రకం దుస్తులు బాగా పనికొస్తాయి. తప్పిపోయినవారిని ‘రెక్కలున్నవాళ్లు ఎటు వెళ్లారు’ అని అడిగితే ఎవరైనా చూపిస్తారు. ముక్కూ మొహం తెలియని రెండు గుంపుల మధ్య మాట కలపడానికి వేషమే వంతెన. పుట్టినరోజులు, పెళ్లికి ముందు స్నేహితుల వేడుకలు, పరీక్షలు అయిపోయిన సంబరాలు, అన్నీ ఈ నడకలోకి వచ్చి చేరతాయి. విద్యార్థుల ఆటగా పేరుపడ్డ ఓట్లీ రన్‌కు ఇప్పుడు ఇతర ఊళ్ల నుంచి రైలెక్కి వచ్చేవారు కూడా తక్కువేమీ కాదు. అలా వచ్చినవారికి హెడింగ్లీలో ఎవరూ తెలియదు, మర్నాడు అక్కడ ఉండరు కూడా. వేషంలో ఉన్న మనిషికి తాను తాను కాదన్న ధీమా ఒకటి వస్తుంది. సంబరానికి అది బాగానే ఉంటుంది. ఒకరి గేటు పక్కన నిలబడినప్పుడు మాత్రం ఆ ధీమా పనికిరాదు.

గేటు ప్రస్తావన ఊరికే రాలేదు. దారి పటం తీసి చూస్తే పబ్బులు సమదూరంలో లేవు. హెడింగ్లీ నడిబొడ్డున నాలుగైదు పబ్బులు కూతవేటు దూరంలోనే ఉన్నాయి. స్కైర్యాక్, ఒరిజినల్ ఓక్ దాటాక హెడింగ్లీ లేన్ మొదలవుతుంది. అక్కడి నుంచి హైడ్ పార్క్ కూడలి దాకా సుమారు కిలోమీటరు మేర పబ్బు లేదు. విక్టోరియా రాణి కాలంలో పొగ కమ్మిన నగరానికి దూరంగా, గుట్ట మీద గాలి బాగుంటుందని ధనికులు కట్టుకున్న పెద్ద పెద్ద ఇళ్లు, తోటలు, ప్రహరీలు ఆ ప్రాంతంలో ఉన్నాయి. ఆనాటి సంపన్నులు తమ గడపల పక్కకు పబ్బును రానివ్వలేదు. ఫలితం ఈనాడు వేరుగా తేలింది. ఏడెనిమిది గ్లాసులు తాగి, రెండు పబ్బుల్లోనూ మరుగుదొడ్డి ముందు వరుస చూసి, తర్వాతి పబ్బులో చూసుకుందాం అని బయల్దేరినవారు ఆ కిలోమీటరు మధ్యలో ఆగలేకపోతారు. పొదలు, సందులు, ప్రహరీ మూలలు పాడయ్యేది అప్పుడే. స్థానికుల ఫిర్యాదుల్లో మూత్ర విసర్జన, సీసాలు, గోల పదే పదే వినిపించడానికి కారణం జనం చెడ్డవాళ్లు కావడం కాదు. మూత్రాశయానికీ తర్వాతి తలుపుకూ మధ్య దూరం ఎక్కువ కావడం. ఇంగ్లండ్‌లో ప్రజా మరుగుదొడ్లు కట్టి తీరాలన్న చట్టబద్ధమైన బాధ్యత స్థానిక కౌన్సిళ్లకు లేదు. ఖర్చు తగ్గించుకోవలసి వచ్చినప్పుడల్లా మొదట మూతపడే వాటిలో అవీ ఉంటాయి.

ఇంతకీ చట్టం ఏం చేయగలదు? ఇంగ్లండ్, వేల్స్‌లో మద్యం అమ్మకాలను నియంత్రించేది 2003 లైసెన్సింగ్ చట్టం. 2005 నవంబర్ నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం లైసెన్సు ఒక భవనానికి, దాన్ని నడిపే మనిషికి. తాగి ఉన్నవారికి మళ్లీ పోయడం నేరం. తాగగలిగినంత తాగండి అంటూ ఒకే ధరకు పోసే ఆకర్షణలను 2010లో నిషేధించారు. అడిగిన కస్టమరుకు కుళాయి నీళ్లు ఉచితంగా ఇవ్వాలి. బీరు సగం పైంటులోనూ దొరకాలి. ఇవన్నీ మంచి నిబంధనలే. కానీ ప్రతి ఒక్కటీ గుమ్మం లోపలి విషయమే. గుమ్మం దాటిన పదిహేను నిమిషాలకు ఏ లైసెన్సుదారూ జవాబుదారీ కాడు. ఫలానా గుంపును ఫలానా పబ్బు తాగించి వదిలింది అని నిరూపించడం అసాధ్యం, ఎందుకంటే ఏ పబ్బూ తాగించలేదు, అన్నీ కలిసి తాగించాయి.

ఒక ప్రాంతంలో తాగే చోట్లు మితిమీరాయని కౌన్సిల్ గుర్తిస్తే, కొత్త లైసెన్సులను అడ్డుకునే విధానం ఒకటి ఉంది. హెడింగ్లీ, హైడ్ పార్క్ ప్రాంతానికి లీడ్స్ కౌన్సిల్ దాన్ని వర్తింపజేసింది. అది కొత్తవాటికే వర్తిస్తుంది. ఎన్నో ఏళ్లుగా ఉన్న పదిహేనింటిని అది కదిలించలేదు. అర్ధరాత్రి తర్వాత మద్యం అమ్మే చోట్ల నుంచి పోలీసు ఖర్చుల కోసం అదనపు రుసుము వసూలు చేసే అధికారం 2011 చట్టం కౌన్సిళ్లకు ఇచ్చింది. ఓట్లీ రన్ మధ్యాహ్నం మొదలై రాత్రి తొమ్మిదికల్లా పేటలు దాటిపోతుంది. అర్ధరాత్రి గడియారం చూసుకుని మేలుకునే చట్టం పట్టపగటి తాగుడును ఎలా పట్టుకుంటుంది? ఇక ఇది నిర్వాహకులున్న ఉత్సవమా అంటే, కాదు. టిక్కెట్టు లేదు, కమిటీ లేదు, తేదీ లేదు. ఎవరి గుంపు వారిది. దరఖాస్తు పెట్టుకోవలసినవారే లేనప్పుడు షరతులు ఎవరికి పెడతారు?

వార్డు సరిహద్దులు మరో చిక్కు. ఆ దారి వీట్‌వుడ్, హెడింగ్లీ అండ్ హైడ్ పార్క్, లిటిల్ లండన్ అండ్ వుడ్‌హౌస్ అనే మూడు వార్డులను తాకుతుంది. ఒక వార్డు కౌన్సిలర్ గట్టిగా పట్టుబట్టి తన పేటలో కట్టడి చేస్తే గుంపు అక్కడ తక్కువసేపు ఆగి, పక్క పేటలో ఎక్కువసేపు ఆగుతుంది.

పబ్బు యజమానుల వైపు నుంచి కూడా చూడకపోతే విషయం సగమే అర్థమవుతుంది. బ్రిటన్‌లో 2000 నాటికి 60 వేల పైచిలుకు పబ్బులు ఉండేవి, ఇప్పుడు 45 వేల దరిదాపుల్లో ఉన్నాయి. లీడ్స్‌లోనే 1822లో మొదలైన టెట్లీ బ్రూవరీ 2011లో మూతపడింది. అద్దె, కరెంటు, జీతాలు వారం పొడవునా ఒకటే. కస్టమర్లు బాగా వచ్చేది మాత్రం రెండు రోజులే. అలాంటి పరిస్థితిలో దారి మీద ఉండటమే ఒక ఆస్తి. ప్రచారం చేయకుండానే శనివారం వందల మంది తలుపు తోసుకుని వస్తారు. అయితే వచ్చినవారు ఒక్క గ్లాసుతో వెళ్లిపోతారు, భోజనం చేసేవారు తక్కువ. గాజు గ్లాసుల బదులు ప్లాస్టిక్ పెట్టాలి, తలుపు దగ్గర లైసెన్సు ఉన్న భద్రతా సిబ్బంది నిలబడాలి, గంటకోసారి మరుగుదొడ్డి కడగాలి. ఏళ్లుగా మూల బల్ల దగ్గర పత్రిక చదువుకునే పెద్దాయన శనివారాలు రావడం మానేస్తాడు. రావడం మానేశాక ఆదివారం కూడా వేరే చోటు చూసుకుంటాడు. ఒక్క రోజు రాబడికి తక్కిన ఆరు రోజుల కస్టమర్లు దూరమయ్యే ప్రమాదం అక్కడ ఉంది. ఉత్తర ఇంగ్లండ్‌లోని పెన్నైన్ కొండల మీదుగా స్టేలీబ్రిడ్జ్ నుంచి బ్యాట్లీ దాకా రైలు స్టేషన్లు దిగుతూ తాగే రైల్ ఏల్ ట్రయిల్‌లోనూ ఈ అనుభవమే ఎదురైంది. మార్స్‌డెన్, స్లేత్‌వెయిట్ వంటి చిన్న ఊళ్లకు శనివారం జనం పోటెత్తి, స్థానికులు ఇళ్లలో ఉండిపోయే పరిస్థితి వచ్చింది. నాణ్యమైన బీరు రుచి చూద్దామని మొదలైన ప్రయాణం పేరు తెచ్చుకున్న కొద్దీ తన మొదటి ప్రేమికులనే పక్కకు నెట్టింది.

నిషేధమే పరిష్కారమన్న మాట అప్పుడప్పుడు వినిపిస్తుంది. అది న్యాయమూ కాదు, సాధ్యమూ కాదు. ప్రభుత్వ రోడ్డు మీద నడిచి, లైసెన్సు ఉన్న చోట కొనుక్కుని తాగడాన్ని ఏ చట్టంతో ఆపుతారు? స్థానికుల కోపాన్ని విద్యార్థుల మీదికి మళ్లించడం కూడా తప్పుదారే. హెడింగ్లీ, హైడ్ పార్క్‌లలో ఇళ్లు పెద్ద ఎత్తున విద్యార్థుల అద్దె గదులుగా మారాయి. అలా మార్చాలంటే ముందు అనుమతి తీసుకోవాలన్న నిబంధనను కౌన్సిల్ 2012లో తెచ్చేసరికే పేట స్వరూపం మారిపోయింది. ఆ పాత మంట ఇంకా చల్లారక, శనివారం ఎవరు గోల చేసినా విద్యార్థులే అన్న నింద పడుతోంది. ఆ వీధుల్లో అద్దెకుండే విద్యార్థి సోమవారం పరీక్ష కోసం చదువుకుంటూ, కిటికీ కింద బయటి ఊరి పెళ్లి గుంపు పాటలు వింటున్న సందర్భాలూ ఉంటాయి. వారిని కూడా స్థానికులుగానే లెక్కించాలి.

సమస్య దారిది కాబట్టి మందు కూడా దారికే వేయాలి. పబ్బులు విడివిడిగా ఎంత జాగ్రత్తపడినా చాలదు, దారి మొత్తాన్ని ఒకే వేదికగా చూసే ఏర్పాటు కావాలి. ఒక ప్రాంతంలోని వ్యాపారులు ఓటు వేసుకుని, తమకు తామే రుసుము విధించుకుని, ఆ డబ్బుతో వీధి పనులు చేయించే బిజినెస్ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్ పద్ధతి ఇంగ్లండ్‌లో 2003 స్థానిక ప్రభుత్వ చట్టంతోనే వచ్చింది. మామూలుగా దీన్ని నగర కేంద్రాలకు వాడతారు. వుడీస్ నుంచి డ్రై డాక్ దాకా ఒక రోడ్డుకు వాడకూడదన్న నియమం ఏమీ లేదు. ఈ నడక వల్ల లాభపడేవారు ఆ పదిహేనుమందే కాబట్టి, వారు తలా కొంత వేసుకోవడం సబబు. ఆ డబ్బుతో చేయవలసిన మొదటి పని కూడా స్పష్టమే: హెడింగ్లీ లేన్ మధ్యలోనూ, వుడ్‌హౌస్ మూర్ అంచునా శనివారాలు మరుగుదొడ్లు పెట్టించడం. 1857లో నగరం కొనుక్కున్న ఆ మూర్ లీడ్స్‌లో మొదటి ప్రజా ఉద్యానం. దానికి ఆ మాత్రం మర్యాద దక్కాలి. ఆ తర్వాత దారి పొడవునా పసుపు కోట్లు వేసుకున్న సహాయకులు, ఆదివారం తెల్లారకముందే వీధులు ఊడ్చే మనుషులు, పబ్బుకూ పబ్బుకూ మధ్య ఫోనులో కబురు చెప్పుకునే ఏర్పాటు. ఐదో పబ్బులో పోయడానికి నిరాకరించిన గుంపు సంగతి ఆరో పబ్బుకు ముందే తెలిస్తే, మజిలీ మారగానే సున్నాకు వచ్చే లెక్క ఇక సున్నాకు రాదు.

వీటిలో ఏదీ ఖరీదైనది కాదు, కొత్త చట్టం కూడా అక్కర్లేదు. ఆ కిలోమీటరు ఎవరిదో ముందు తేల్చుకోవాలి. ప్రస్తుతానికి అది ఏ పబ్బుదీ కాదు, ఏ గుంపుదీ కాదు. ఆదివారం పొద్దున్నే గేటు తీసి, బకెట్టుతో నీళ్లు తెచ్చి, ప్రహరీ మూల కడుక్కుంటున్నవారిది.